క్వార్టరు దాకా వచ్చే తీగ

బిలాస్‌పూర్‌కి బదిలీ మీద వచ్చిన తెలుగు కుటుంబం సామాను విప్పుకుంటూనే పక్క క్వార్టరువాళ్ళని అడిగే మాట ఒకటుంది. "వదినా, ఇక్కడ ఏ నెట్టు బాగుంటుంది?" ఇరవై ఏళ్ళ కిందట ఇదే గుమ్మంలో నిలబడి తెలుగు చానెళ్ళు ఏ కేబుల్‌లో వస్తాయని అడిగేవాళ్ళు. ఇప్పుడు ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల్ని చూడటం, పిల్లల పాఠాలు, రాత్రిపూట తెలుగు సినిమా, కరెంటు బిల్లు, రైలు టికెట్టు అన్నీ ఆ ఒక్క తీగ మీదే నడుస్తున్నాయి గనుక ప్రశ్న మారింది. జవాబు చెప్పేవాళ్ళు ఒక కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటారు. అది సగం జవాబే. ఒకే కంపెనీ కనెక్షన్ ఒక వీధిలో నిక్షేపంలా నడుస్తుంది, రెండు వీధుల అవతల వారానికోసారి పడకేస్తుంది. తేడా కంపెనీలో లేదు, కంపెనీ పెద్ద కేబుల్ దగ్గర్నుంచి మన గోడ దాకా ఉన్న ఆఖరి వంద, రెండు వందల మీటర్లలో ఉంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ ముక్క గురించే.

మనవాళ్ళు ఈ ఊరికి రావడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, మన పెద్దల నోట బీఎన్నార్, నాగ్‌పూర్ నుంచి కలకత్తా వైపు లైను వేసుకుంటూ పోయినప్పుడు బిలాస్‌పూర్ పెద్ద జంక్షనైంది. 1931కి రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయి ఉత్తరాంధ్రకి దారి దగ్గరైంది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాక వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ చాలాకాలం ఆ ఒక్క జోన్‌లోనే ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు ఉద్యోగంలో చేరి బదిలీ మీద ఇటు రావడం, ఇక్కడే పిల్లల్ని పెంచడం మామూలైపోయింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే వేరు పడి బిలాస్‌పూర్ దాని కేంద్రమైనా ఆ రాకపోకలు ఆగలేదు. కోర్బా నుంచి విశాఖ వెళ్ళే లింక్ ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ మనవాళ్ళ ఊరి బండే. ఈ చరిత్రని నెట్టు కబుర్లలోకి తేవడానికి కారణముంది. రైల్వే కాలనీలో తెలుగు ఇంటి అవసరం ఊళ్ళో మిగతా ఇళ్ళ అవసరం లాంటిది కాదు. ఇంట్లో ఒకరు రన్నింగ్ స్టాఫ్ అయితే రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటారు. ముసలి తల్లిదండ్రులు ఐదారు వందల కిలోమీటర్ల అవతల ఉంటారు. మూడు నాలుగేళ్ళకి బదిలీ రావచ్చు. ఇల్లు మనది కాదు, రైల్వేది. ఏ కనెక్షన్ తీసుకోవాలన్నది ఈ నాలుగు సంగతుల్నీ ఎదురుగా పెట్టుకుని తేల్చుకోవాలి.

రైలు పట్టా పక్కన ఎప్పుడూ ఒక తీగ ఉంటూనే వచ్చింది. ముందు టెలిగ్రాఫ్ తీగ, తర్వాత కంట్రోల్ ఫోను తీగ. స్తంభాల మీద బారుగా పోయే ఆ రాగి తీగలు పాత ఫొటోల్లో ప్రతి స్టేషన్ వెనకా కనిపిస్తాయి. లైనుకి 25 వేల వోల్టుల కరెంటు వచ్చాక వాటికి కష్టం వచ్చింది. పైన పోయే ట్రాక్షన్ కరెంటు పక్కనున్న రాగిలో ప్రేరణ పుట్టించి ఫోనులో హోరు పెడుతుంది, మరమ్మతు చేసేవాడికి ప్రమాదం కూడా. అందుకే విద్యుదీకరణ జరిగిన చోటల్లా రైల్వే తన టెలిఫోన్ తీగల్ని నేలలో కేబుల్‌గా పాతింది. ఆ తర్వాత గాజు తీగ వచ్చింది. ఆప్టికల్ ఫైబర్‌లో పోయేది కరెంటు కాదు, వెలుతురు. పక్కన ఎన్ని వేల వోల్టులున్నా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. సిగ్నల్ అండ్ టెలికాం డిపార్ట్‌మెంట్‌లో పనిచేసిన ఏ పెద్దాయన్ని అడిగినా ఈ మార్పు గురించి సంతోషంగా చెబుతారు.

రైల్వే తన అవసరానికి మించి పడి ఉన్న ఆ ఫైబర్‌ని ఊరికే ఉంచలేదు. 2000 సెప్టెంబరులో రైల్‌టెల్ అనే ప్రభుత్వరంగ సంస్థ పెట్టి, ఆ తీగ మీద దారిని ఇతరులకి అమ్మడం మొదలుపెట్టింది. ఇవాళ దానికి పట్టాల వెంబడి 60 వేల కిలోమీటర్లకు పైగా ఫైబర్ ఉంది. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో గూగుల్‌తో కలిసి మొదలుపెట్టిన స్టేషన్ వైఫై తర్వాత 6 వేల పైచిలుకు స్టేషన్లకి పాకింది. ఇళ్ళకి ఇచ్చే బ్రాడ్‌బ్యాండ్‌కి రైల్‌వైర్ అని పేరు పెట్టారు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రైల్‌టెల్ తన పెద్ద తీగని ఊరి దాకా తెస్తుంది. అక్కణ్ణుంచి ఇంటింటికీ తెచ్చేది స్థానిక భాగస్వామి, అంటే మన వీధి కేబుల్ ఆపరేటరు లాంటివాడు. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ కూడా చాలాచోట్ల ఇలాగే స్థానిక భాగస్వాముల చేతుల మీదుగానే వస్తోంది. స్టేషన్లో గుండెకాయలాంటి ఫైబర్ ఉందని తెలిసిన రైల్వే మనిషికి తన క్వార్టరులో నెట్టు ఎందుకు ఆగుతుందో అర్థం కాక చిరాకు పడటం నేను చాలాసార్లు చూశాను. మెయిన్ లైన్లో రాజధాని దూసుకుపోతున్నా, మన సైడింగులో పాయింటు చెడితే మన బండి కదలదు.

ఇక అంగట్లో దొరికే రకాల సంగతి. పాత టెలిఫోన్ రాగి తీగ మీద వచ్చే డీఎస్‌ఎల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ దాన్ని ఇళ్ళకి తెచ్చినప్పుడు అదే అబ్బురం. ఎక్స్‌ఛేంజీకి దూరమయ్యే కొద్దీ వేగం పడిపోవడం దాని పుట్టుకలోనే ఉన్న లోపం. ఎవరైనా ఇప్పుడు కొత్తగా రాగి మీద కనెక్షన్ ఇస్తామంటే వద్దనండి. 2004 నాటి ప్రభుత్వ విధానం ప్రకారం సెకనుకి 256 కిలోబిట్లుంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండ్. 2013లో దాన్ని 512 చేశారు, 2023లో 2 మెగాబిట్లు చేశారు. ప్రభుత్వం పెట్టిన ఆ కనీసపు గీత మీద ఆధారపడి ఇవాళ ఏ ఇల్లూ నడవదు.

ఫైబర్ ఎలా పనిచేస్తుందో కాస్త తెలుసుకుంటే సగం మోసాల నుంచి తప్పించుకోవచ్చు. కంపెనీ గదిలో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. దాన్నుంచి బయల్దేరిన ఒక గాజు పోగు దారిలో స్ప్లిటర్ అనే చిన్న డబ్బాలో చీలి 32 లేదా 64 ఇళ్ళకి పోతుంది. ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆ ఒక్క పోగు మీద వచ్చేది సెకనుకి దాదాపు 2.5 గిగాబిట్లు, వెనక్కి పోయేది అందులో సగం. దాన్ని అన్ని ఇళ్ళూ పంచుకుంటాయి. 64 ఇళ్ళకీ 100 ఎంబీపీఎస్ అమ్మితే మొత్తం 6.4 గిగాబిట్లు అమ్మినట్టు. అందరూ ఒకేసారి పూర్తిగా వాడరన్న లెక్క మీద వ్యాపారం నడుస్తుంది. అది తప్పు కాదు, స్లీపర్ బోగీ పక్కన జనరల్ బోగీ ఉన్నట్టే ఇదీ ఒక ఏర్పాటు. కాకపోతే ఆపరేటరు పైనుంచి కొనుక్కున్న దారి ఇరుకైతే రాత్రి 8 నుంచి 11 దాకా అందరికీ నత్తనడకే. అందుకే వేగం కొలవాలంటే పొద్దున్న పది గంటలకి కాదు, రాత్రి తొమ్మిదికి కొలవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ళ మైస్పీడ్ యాప్ అందుకు పనికొస్తుంది. కొత్త కనెక్షన్ పెట్టించుకునేవాళ్ళు పక్కింటివాళ్ళ దగ్గర రాత్రి తొమ్మిదికి ఒకసారి కొలిచి చూడటం కంటే మంచి పరీక్ష లేదు.

ఇంటికి వచ్చే తెల్ల పెట్టెని జనం మోడెం అనీ వైఫై బాక్స్ అనీ అంటారు. దాని మీద పాన్, లాస్ అని రెండు లైట్లుంటాయి. పాన్ నిలకడగా పచ్చగా ఉండాలి. లాస్ దగ్గర ఎర్ర లైటు వెలిగిందంటే వెలుతురు రావట్లేదని అర్థం. అప్పుడు పెట్టె ఆపి, వేసి, రీసెట్ చేసి ప్రయోజనం లేదు. తీగ ఎక్కడో తెగింది, లేదా వంగింది. గాజు పోగు గనుక గోడ మూలలో గట్టిగా మడిచి మేకు కొడితే వెలుతురు కారిపోతుంది. ఇంటికి చేరే వెలుతురు బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. మైనస్ 27 కంటే దిగజారితే కనెక్షన్ ఊగిసలాడుతుంది, మైనస్ 20 దగ్గరుంటే నిశ్చింత. బాగుచేయడానికి వచ్చినవాడి చేతిలో పవర్ మీటరు ఉందా, ఆ అంకె ఎంతో చెప్పాడా చూడండి. అడిగితే చెప్పని లైన్‌మన్ నాకు తారసపడలేదు. అడిగేవాళ్ళే తక్కువ.

ఈ ఊళ్ళో తీగ తెగడానికి కారణాలకు కొదవ లేదు. భూగర్భ మురుగు కాలువల కోసం ఏళ్ళ తరబడి రోడ్లు తవ్వినప్పుడు జనం బిలాస్‌పూర్‌ని ఖోదాపూర్, అంటే తవ్వేసిన ఊరు, అన్నారు. తవ్వకం దిగిన చోట కేబుల్ బతకదు. రైల్వే కాలనీల్లో తవ్వకం తక్కువే గానీ పెద్ద పెద్ద చెట్లున్నాయి. వానకి కొమ్మ విరిగి తీగ మీద పడటం, కొమ్మలు నరకడానికి వచ్చినవాళ్ళు తీగ కూడా నరికేయడం ఏటా ఉండేదే. ఇక్కడ ఆఖరి ముక్క వేసినవాడు ఎలాంటి మనిషి అన్నది తేలుతుంది. జాగ్రత్త గలవాడు స్తంభం నుంచి గోడకి తీగ బిగించేటప్పుడు కాస్త ఎక్కువ తీగ చుట్టగా వదిలి ఉంచుతాడు, తెగితే అక్కణ్ణుంచి లాగి జాయింటు వేస్తాడు. వేడి మీద అతికించే స్ప్లైసింగ్ మెషీన్‌తో వేసిన జాయింటు ఏళ్ళు నిలుస్తుంది. టేపు చుట్టి, కనెక్టరు తగిలించి పోయిన జాయింటు మొదటి వాన దాకానే.

నా ఇంట్లో జరిగింది చెబుతాను. డబ్బు కలిసొస్తుందని ఒక ఆపరేటరుకి ఏడాది చందా ఒకేసారి కట్టాను. నాలుగో నెలలో మా వీధి లైను చూసే కుర్రాడు పని మానేశాడు. ఎర్ర లైటు వెలిగి పదకొండు రోజులు అలాగే ఉంది. ఫోను చేస్తే రేపు అన్నారు, ఎల్లుండి అన్నారు. ఆ పదకొండు రోజుల్లో అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. ఫోను సిగ్నల్ మీద వచ్చిన ముక్కలు ముక్కల బొమ్మలోనే ఆమె ముఖం చూసుకున్నాను. అప్పటి నుంచి వేగం గురించి నన్నెవరైనా అడిగితే ముందు మరమ్మతు గురించి మాట్లాడుతున్నాను.

వేగం లెక్క నిజానికి చిన్నది. హెచ్‌డీ సినిమాకి 5 ఎంబీపీఎస్ చాలు. 4కే అయినా 15 నుంచి 25 లోపే. వీడియో కాల్‌కి రెండు మూడు చాలు, కానీ అది రెండు వైపులా కావాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉండేది డౌన్‌లోడ్ వేగం. అమ్మకి మన ముఖం కనిపించేది అప్‌లోడ్ వేగం మీద. ఫైబర్‌లో రెండూ సమానంగా ఇచ్చే ప్లాన్లు చాలానే ఉన్నాయి. గాలి మీద వచ్చేవాటిలో అప్‌లోడ్ తరచూ పల్చగా ఉంటుంది. ఇంకో తికమక, మెగాబిట్, మెగాబైట్. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద ఫైలు సెకనుకి 12 మెగాబైట్ల చొప్పున దిగుతుంటే అది మోసం కాదు, సరైన వేగమే. నలుగురున్న ఇంటికి 40 నుంచి 100 ఎంబీపీఎస్ మధ్య నిలకడగా వస్తే అంతకు మించి కొనడం దండగ.

తీగ అక్కర్లేని దారి కూడా వచ్చింది. ఎయిర్‌టెల్ 2023 ఆగస్టులో, జియో అదే ఏడాది సెప్టెంబరులో వినాయక చవితి నాడు ఎయిర్‌ఫైబర్ తెచ్చాయి. మేడ మీద ఒక చిన్న డబ్బా పెడితే అది 5జీ టవరుతో మాట్లాడుతుంది. పేరులో ఫైబర్ ఉన్నా ఇంటికి వచ్చేది ఫైబర్ కాదు. రెండేళ్ళలో బదిలీ ఖాయమనుకునేవాళ్ళకీ, క్వార్టరు గోడకి రంధ్రం వేయడానికి వెనకాడేవాళ్ళకీ ఇది నయం. విప్పుకుని పోవచ్చు, కొమ్మ పడి తెగే తీగ లేదు. కాకపోతే టవరు మీద జనం పెరిగితే వేగం తగ్గుతుంది, నెల వాడకం హద్దు కూడా ఫైబర్ కంటే తక్కువ. అన్‌లిమిటెడ్ అని రాసిన ఫైబర్ ప్లాన్ల చిన్న అక్షరాల్లో చాలావాటికి 3,300 జీబీ అని ఉంటుంది, గాలి ప్లాన్లలో 1,000 జీబీ దగ్గర ఉంటుంది. మామూలు ఇల్లు వీటిని దాటదు. నాలుగు కెమెరాలు రాత్రింబవళ్ళు క్లౌడ్‌లోకి ఎక్కించే ఇల్లు మాత్రం దాటవచ్చు. ఉపగ్రహం మీద ఇచ్చే స్టార్‌లింక్‌కి 2025లో మన దేశంలో లైసెన్సు దొరికింది. బిలాస్‌పూర్ లాంటి తీగలున్న ఊరికి దాని అవసరం తక్కువ, అడవుల్లో ఉన్న గ్రామాలకి ఎక్కువ.

ఆంధ్రలో ఉన్న బంధువులు ఫోనులో అక్కడి ధరలు చెప్పి మనకి అసూయ పుట్టిస్తుంటారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభించినప్పుడు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి తవ్వకం ఖర్చు లేకుండా రాష్ట్రమంతా వేయడమే ఆ ధరకి మూలం. తెలివైన ఆలోచన, సందేహం లేదు. కానీ అదే పద్ధతిలో దాని బలహీనత కూడా ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళంలో కరెంటు స్తంభాల్ని నేలకూల్చింది. స్తంభం కూలితే దాని మీది తీగ నిలవదు. అక్కడ కూడా ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చేది కేబుల్ ఆపరేటర్లే. ప్రభుత్వమైనా ప్రైవేటైనా ఆఖరి ముక్క వాళ్ళ చేతిలోనే ఉంది. తొంభైల్లో డిష్ పెట్టి వీధికి సినిమా చూపించిన మనుషులే, వాళ్ళ పిల్లలే, ఇప్పుడు దేశం నెట్టుని ఇంటిదాకా మోస్తున్నారు. వాళ్ళకి సరైన జీతం, మెషీను, శిక్షణ ఇవ్వకుండా కంపెనీలు చందాలు మాత్రం వసూలు చేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ఇంటి లోపలి కథ వేరు. బీఎన్నార్ కాలం నాటి క్వార్టర్ల గోడలు మందంగా ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగమైనదే గానీ అలాంటి గోడ రెండు దాటితే నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదైనా గోడ దాటుతుంది. లైన్‌మన్ తన సౌకర్యం కొద్దీ పెట్టెని వీధి గదిలో తలుపు వెనక బిగించి పోతాడు. ముందే నిలబడి ఇంటి నడిమి గదిలో, తల ఎత్తున పెట్టించుకోండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. కరెంటు పోయినప్పుడు ఆ పెట్టె కూడా ఆగుతుంది. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొంటే రెండు మూడు గంటలు నడుస్తుంది. పిడుగుల కాలంలో గాజు తీగ వెంబడి పిడుగు రాదు, అడాప్టరు వెంబడి వస్తుంది. ఉరిమినప్పుడు ప్లగ్గు తీయాలి.

డబ్బు విషయానికొస్తే 399 అని ప్రకటించిన ప్లాన్‌కి 18 శాతం జీఎస్‌టీ కలిపి 471 కట్టాలి. ఇన్‌స్టలేషన్, రౌటర్ డిపాజిట్ వేరే ఉంటాయేమో ముందే అడగాలి, డిపాజిట్‌కి రసీదు తీసుకోవాలి. బదిలీ ఉద్యోగం వాళ్ళు ఏడాది చందా జోలికి పోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. నెలకి ముప్పై నలభై రూపాయలు మిగులుతాయి, బదిలీ ఆర్డరు వచ్చిన రోజున వేలు పోతాయి. మూడు నెలలది చాలు.

ఫిర్యాదుకి ఒక దారి ఉంది. నోటిమాటగా లైన్‌మన్‌కి చెప్పింది లెక్కలోకి రాదు. కంపెనీ కాల్ సెంటర్‌లో చెప్పి డాకెట్ నంబరు తీసుకోవాలి. పని కాకపోతే అదే కంపెనీలో ఉండే అప్పిలేట్ అథారిటీకి రాయాలి. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అప్పీలు 39 రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. టెలిఫోన్ గొడవలు అక్కడ చెల్లవని 2009 నాటి ఒక తీర్పుని చూపించి కంపెనీలు తప్పించుకునేవి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ అడ్డు తొలగించింది. చేతిలో డాకెట్ నంబర్లు, తేదీలు ఉంటేనే ఇవన్నీ పనికొస్తాయి. వాటిని ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.

ఇక మొదటి ప్రశ్న. ఏ నెట్టు బాగుంటుంది? మీ వరసలో ఉన్న నాలుగు క్వార్టర్లకి వెళ్ళి, కిందటి వానాకాలంలో ఎన్నిసార్లు ఎర్ర లైటు వెలిగింది, ఎన్ని గంటల్లో మనిషి వచ్చాడు అని అడగండి. ఎక్కువమంది ఎవరి పేరు సంతోషంగా చెబితే ఆ లైన్‌మన్ ఏ కంపెనీ తీగ చూస్తున్నాడో ఆ కంపెనీ తీసుకోండి. మా వరసలో ఒకాయన కిందటేడు రాయగఢ్ బదిలీ అయి వెళ్తూ పెట్టె అప్పగించి రసీదు తీసుకున్నారు, తీగ మాత్రం గోడకే వదిలేశారు. కరెంటు మీటరు బోర్డు లోపల పెన్సిల్‌తో ఆ తీగ ఏ స్తంభం నుంచి వచ్చిందో, వెలుతురు మైనస్ 19 ఉందనీ, లైన్‌మన్ నంబరు ఫలానా అనీ తెలుగులో రాసి వెళ్ళారు. తర్వాత ఆ క్వార్టరులోకి పలాస వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళు మీటరు తలుపు తీసి చూసిన సాయంత్రానికే ఇంట్లో నెట్టు వచ్చింది.